చేతులు కట్టుకున్న ఆదివారం

కూసో బిడ్డా. అట్ల కాదు, జర సక్కగ కూసొని ఇను. ఆ ఫోన్ బోర్ల పెట్టు. ఇంట్ల పెద్దోళ్ళకు దొరికిన ఒక దీవెన గురించి రాసుక రమ్మన్నది గదా మీ ఉపదేశం సిస్టర్? రాస్కో మరి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యల నీ తెలివి కలపకు. ఎందుకంటే ఈ ముచ్చట నాకే ఇప్పటిదాక సక్కగ అర్థం కాలే. దాన్ని నువ్వు దిద్దితే ఇంక ఎవరికి అర్థం కాకుంట పోతది.

నాకు దొరికిన దీవెన అంటే... అది దొరికిందా, నేను గుంజుకున్ననా, ఇంకొకరి వంతు నేను తీసుకున్ననా, అదే తెల్వదు. సరే, మొదటికెల్లి చెప్త.

అప్పుడు నువ్వు మీ అమ్మ సంకల ఉన్నవు. తొమ్మిదో పదో నెలలు ఉంటయి నీకు. మీ నాయినకు ట్రాక్టర్ ఫ్యాక్టరీల ఆదివారం గూడ డ్యూటీ పడుతుండె. మీ తాతకు చిరాగ్‌పల్లి కాడ అల్లం చేనే లోకం. క్రిస్మస్‌కు ఒకసారి, ఈస్టర్‌కు ఒకసారి చర్చిల కనపడేటోడు. ఇగ ఆదివారం పూజకు పోయేది మేం ముగ్గురమే. నేను, మీ అమ్మ, నువ్వు.

మీ అమ్మది కోహీర్ దిక్కు. వాళ్ళది రైతుల ఇల్లు, వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నరు. మీ నాయినను ఇష్టపడి చేసుకున్నది. పెండ్లికి ముందుగాలనే నేను చెప్పిన, "చర్చికి రావాల్నని నేను జబర్దస్తీ చేయనమ్మా, నీ ఇష్టం" అని. తనంతట తానే వచ్చింది. "ఒక్కదాన్ని ఇంట్ల కూసొని ఏం చేయాలె అత్తమ్మా, వస్తే పాటలన్న ఇంట గదా" అన్నది. జ్ఞానస్నానం తీసుకోలే. మేం గూడ అడగలే. జ్ఞానస్నానం కానోళ్ళకు సత్ప్రసాదం ఇయ్యరు, నీకు ఎరుకే. మేమంతా లైను కట్టి పోయి ఆ తెల్లటి అప్పం నాలుక మీద పెట్టించుకొని వస్తుంటే, మీ అమ్మ నిన్ను ఒడిల పెట్టుకొని చాప మీద ఒక్కతే కూసుండేది.

గప్పుడే కొత్త ఫాదర్ వచ్చిండు. బీదర్ అవతల మనిషి. ఇంట్ల మాట కన్నడం, తెలుగు పుస్తకాలు చూసి నేర్చుకున్నడు. ఆయన మాట్లాడితే మనతోని మాట్లాడినట్టు ఉండకపోయేది, ఏదో సదివి ఇనిపిస్తున్నట్టు ఉండేది. మస్తు పొడుగు. చెయ్యి చూస్తే ఇంత, మన రొట్టెల పెనమంత. ఒక ఆదివారం ఆయన మైకుల చెప్పిండు: "సత్ప్రసాదం స్వీకరించనివారు కూడా వరుసలో రండి. ఒక్కరు కూడా వెనుక కూర్చుండిపోవద్దు. మీరు చేతులు రెండూ ఎదపై కట్టుకొని రండి, నాకు తెలుస్తుంది. మీ తలపై చెయ్యి ఉంచి దీవిస్తాను."

మంచి మాటనే గదా? అందరికి మంచిగనే అనిపించింది. చిన్న పిల్లలు పోయిన్రు, వేరే ఇంటికెల్లి వచ్చిన కోడండ్లు పోయిన్రు. మీ అమ్మ గూడ నిన్ను సంకల వేసుకొని, ఒక్క చెయ్యి ఎద మీద పెట్టుకొని నా ఎనక వచ్చింది.

ఇగో, ఇక్కడ నా బుద్ధి గడబిడ అయ్యింది. ఇది సిస్టర్‌కు సదివి ఇనిపిస్తవో లేదో నీ ఇష్టం, కాని రాయి.

లైనుల నేను ముంగట, మీ అమ్మ ఎనక. ఫాదర్ నాకేమో "క్రీస్తు శరీరం" అంటడు, నేను "ఆమెన్" అంట, రెండు వేళ్ళతోని నాలుక మీద పెడ్తడు, అయిపాయె. రెప్ప కొట్టినంత సేపు. మీ అమ్మకేమో ఆ పెద్ద చెయ్యి మొత్తం నెత్తి మీద పెట్టి, కండ్లు మూసుకొని, నెమ్మదిగ ఏదో చెప్తడు. నీకు మళ్ళ వేరేగ! నేను పక్కకు జరిగి మీ దిక్కే చూసుకుంట నిలబడేది. ఎనకోళ్ళు "జరుగు పెద్దమ్మా" అనేది.

సత్ప్రసాదం కంటె పెద్దది ఇంకోటి లేదు. అది నాకు తెల్వదా? చిన్నప్పటి కెల్లి తెలుసు. ఐనా బిడ్డా, నా నెత్తి మీద ఒక మనిషి చెయ్యి పెట్టక ఎన్ని ఏండ్లాయెనో! మా నాయిన పెట్టిండు, నేను అత్తగారింటికి పోయేనాడు. ఆ తర్వాత కెల్లి అందరి నెత్తుల మీద నేనే పెట్టుకుంట వస్తున్న. పెద్దదాన్నైనంక అందరు వంగి నా కాళ్ళు మొక్కుతరు గాని, నాకు ఎవరు పెడ్తరు?

అట్ల ఉండంగ నా కుడికంట్ల పొర వచ్చింది. మంగళవారం సంగారెడ్డి దవాఖానల ఆపరేషన్ అన్నరు. కంట్ల కత్తి పెడ్తరంటే నాకు అన్నం పోలే. మీ తాతకు చెప్తె, "చీమ కుట్టినంత గూడ ఉండదటనే" అన్నడు. ఆయనకేం ఫికర్, కత్తి పెట్టేది ఆయన కంట్లనా ఏమన్న!

ఆపరేషన్ ముంగటి ఆదివారం. లైనుల నిలబడ్డ. ముందుగాల అనుకొని చేసింది కాదు, ఒట్టు. ఫాదర్ ముంగటికి పోయేసరికి నా చేతులు వాటంతట అవే ఎద మీదికి పోయినయి. నా లెక్క ఏందంటే, ముందుగాల నెత్తి మీద చెయ్యి పెడ్తడు, తర్వాత సత్ప్రసాదం ఇస్తడు. రెండూ ఇస్తడు అనుకున్న. ఒకటి తీసుకుంటే ఇంకొకటి లేదని నాకెవరు చెప్పిన్రు?

ఆయన అప్పం లేపిండు. నేను చేతులు ఇప్పలే. ఆయన నన్ను చూస్తున్నడు, నేను ఆయనను చూస్తున్న. ఎనక లైను ఆగిపోయింది.

"అమ్మగారూ?" అన్నడు మెల్లగ.

"పెట్టుండ్రి ఫాదర్."

"ఏమిటి పెట్టమంటారు?"

"చెయ్యి."

ఆయన ముఖం ఒక తీరుగ అయ్యింది. అప్పం మళ్ళ పాత్రల పెట్టిండు. నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఎంత బరువు, ఎంత వెచ్చగుండెనో. నా కంటి భయమంతా కాళ్ళల్ల కెల్లి దిగిపోయినట్టు అయ్యింది. నేను ఖుషీగ పోయి చాప మీద మోకాళ్ళ మీద కూసొని కండ్లు మూసుకున్న. అప్పుడు సమజైంది. నాలుక మీద ఏం లేదు.

అయ్యో దేవుడా అని గబగబ లేచి మళ్ళ లైను చివరికి పోయిన. నేను పోయేసరికి ఆయన పాత్ర మీద గుడ్డ కప్పుతున్నడు. నడి చర్చిల ఒక్కదాన్నే నిలబడి ఉన్న. ఆడోళ్ళ దిక్కు చూస్తే, మొదటి చాప మీద కూసున్న, ఫాదర్‌కు సాయంగ ఉండే ఉపదేశి భార్య, మన మూల ఇంటామె, మొత్తం ఎనకకు తిరిగి నన్నే చూస్తున్నది.

నీకు ఒక ముచ్చట చెప్పాలె. మా లెక్క ప్రతి వారం తీసుకునేటోళ్ళు ఒక్క వారం సత్ప్రసాదం తీసుకోకపోతే చాలు, చర్చి మొత్తం లెక్కలు గడుతది. ఏదో పాపం చేసి ఉంటది, లేకుంటే ఇంట్ల ఎవరితోనో లొల్లి పెట్టుకొని మాటలు బందు చేసి ఉంటది, మనసు సాఫ్ కాకుంట తీసుకోవద్దని ఆగింది అనుకుంటరు. నేను గూడ ఎందరి గురించో గట్లనే అనుకున్న. ఎందుకు అబద్ధం చెప్పాలె?

మంగళవారం ఆపరేషన్ మంచిగ అయ్యింది. చీమ కుట్టినంతనే. ఎండ తగలొద్దని పదిహేను దినాలు నల్లద్దాలు పెట్టుకోమన్నడు డాక్టరు. గురువారం నాడు ఉపదేశి భార్య సంత్రాలు పట్టుకొని చూడనీకి వచ్చింది. కన్ను గురించి ఒక్క మాట, మిగతావన్ని వేరే.

"వదినా, మొన్న సత్ప్రసాదం తీసుకోకపోతివి?"

"ఏదో అయ్యిందిలే."

"ఏదో అంటే? ఇంట్లనేనా?" అని వంటింటి దిక్కు గదువ లేపి చూపించింది. లోపట మీ అమ్మ నీకు ఉగ్గు కలుపుతున్నది.

"ఛీ ఛీ, అదేం లేదు."

"నువ్వు చెప్పవులే వదినా. కడుపుల పెట్టుకుంటవు. మాకు తెల్వదా వేరే ఇంటి పిల్లను తెచ్చుకుంటే ఎట్లుంటదో?"

నేను అప్పుడే చెప్పాల్సింది, నా నెత్తి మీద చెయ్యి పెట్టించుకోవాలె అనిపించి గట్ల చేసిన అని. ఎట్ల చెప్పాలె? ఈ వయసుల, చిన్న పిల్ల లెక్క?  సంత్ర ఒలుచుకుంట కూసున్న. నేను సప్పుడు చేయకపోతే ఆమెకు అది అవును అన్నట్టు అయ్యింది.

ఆ ఆదివారం నేను ఇంట్లనే ఉన్న. మీ అమ్మ నిన్ను తీసుకొని ఒక్కతే పోయింది. తిరిగి వచ్చి, నిన్ను నా ఒడిల పెట్టి, వంటింట్లకు పోయింది. జొన్న రొట్టె కొడుతున్నది. ఆ సప్పుడు నాకు తెలుసు, దినాం ఇంటనే ఉంట. ఆ దినం సప్పుడు వేరేగ ఉండె.

రెండు దినాలైనంక చెప్పింది. "వచ్చే వారం కెల్లి నేను చర్చికి రాను అత్తమ్మా."

"ఎందుకే?"

"గేటు కాడ నలుగురు అడిగిన్రు, మీ అత్తను ఏం చేసినవే అని. కోహీర్ సంతల మా అమ్మకు గూడ ఎవరో చెప్పిన్రట. మా అమ్మ ఫోన్ చేసి ఏడుస్తున్నది, అత్తతోని మంచిగుండు బిడ్డా అని. నేనేం చేసిన అత్తమ్మా మిమ్మల్ని?"

 నేను చేతులు కట్టుకుంటే ఈ పిల్ల నెత్తి మీదికి ఎట్ల వచ్చింది? అప్పుడు చెప్పిన, సిగ్గిడిసి మొత్తం చెప్పిన. కంటి భయం, మా నాయిన, ఫాదర్ చెయ్యి, అన్నీ. నవ్వుతది అనుకున్న. నవ్వలే. 

"అదా మీరు ఆశపడ్డది? నాకు అది ఇస్తున్నరనా?"

"మరి ఎంత సేపు పెడ్తడు నీకు!"

"అత్తమ్మా, నేను ఎద మీద చెయ్యి పెట్టుకొని పోతుంటే అందరికి తెలుస్తది, ఈమె మనామె కాదని. అంతకు ముందు చాప మీద కూసుంటే ఎవరు చూసేటోళ్ళు గాదు. ఇప్పుడు ప్రతి వారం ముంగటికి పిలిచి చూపించినట్టున్నది. ఎప్పుడు తీస్తడా చెయ్యి అని నేను లోపట లెక్కబెట్టుకుంట. మీకేమో అది కావాలె. నాకేమో మీరు నోట్ల పెట్టించుకొని ఎవరి కంట్ల పడకుంట వస్తరు సూడు, అది కావాలె."

నేను దేనికి కుళ్ళుకున్ననో మీ అమ్మకు అదే ముల్లు లెక్క ఉన్నదట. నాకు నెత్తి తిరిగింది బిడ్డా. ఇప్పుడు చెప్తుంటే గూడ తిరుగుతున్నది. జర నీళ్ళియ్యి.

ఆ... ఎక్కడున్న? శుక్రవారం సాయంత్రం ఫాదర్ ఇంటికి వచ్చిండు, రోగులను చూడనీకి వచ్చినట్టు. మెడల ఊదారంగు పట్టి వేసుకొని వచ్చిండు, మనం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఇనేటప్పుడు వేసుకుంటరు చూడు, అది. మీ తాతను బయట కూసోమన్నడు. "అమ్మగారూ, మీ మనస్సులో ఏదైనా బరువు ఉన్నచో సంకోచం లేక చెప్పండి" అన్నడు. అంటే ఆయన గూడ గదే అనుకున్నడన్నట్టు!

చెప్పిన. మొత్తం ఇన్నడు. మొదట నవ్వు ఆపుకోలేకపోయిండు. "చెయ్యి కావలసినచో పూజ తర్వాత నన్ను అడిగిన సరిపోయెడిది గదా" అన్నడు. తర్వాత మీ అమ్మ ముచ్చట చెప్పంగనే నవ్వు పోయింది. "ఎవరూ ఒంటరిగా కూర్చుండకూడదని నేను అలా చేసితిని. మరి ఇది ఏమి అయినది?" అని నన్నే అడుగుతడు! ఫాదర్ ఆయననా, నేనా? నాకేం తెలుసు?

"వచ్చే ఆదివారం మైకులో అందరికీ చెప్పుదును."

"వద్దు ఫాదర్, నీ కాళ్ళు మొక్కుత. మైకుల చెప్తె కోహీర్ దాటి బీదర్ దాక పోతది."

గంతల మీ అమ్మ చాయ్ తెచ్చింది. ఆయన కప్పు అందుకొని, అలవాటు ప్రకారం ఆమె నెత్తి మీద పెట్టనీకి చెయ్యి లేపిండు. మీ అమ్మ ఒక అడుగు ఎనకకు వేసింది.

"నాకొద్దు ఫాదర్."

నేను పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి ఒక ఫాదర్ దీవెన వద్దన్న మనిషిని చూడలే. భూమి ఆగినట్టు అయ్యింది నాకు. ఆయన చెయ్యి దించిండు. కోపం చేయలే. "అలాగే తల్లీ. వరుసలోకి రానక్కర లేదు. వచ్చి కూర్చో, చాలు" అన్నడు.

"కూసుంటే గూడ చూస్తరు ఫాదర్ ఇప్పుడు. లైనుల నిలబడ్డా చూస్తరు. రాకపోతే అత్తకోడండ్లకు నిజంగనే పడుతలేదు అంటరు. ఎటు పోవాలె నేను?"

 ఆయన చాయ్ తాగి, మీ తాతతోని అల్లం ముచ్చట నాలుగు మాటలు మాట్లాడి పోయిండు. మీ అమ్మ కప్పులు కడుగుతున్నది. నాకు ఒక్కటే పరేషాన్. ఈ పిల్ల ఒక్కసారి ఆగిపోతే మళ్ళ రాదు. రాకపోతే చర్చికి మాత్రమే కాదు, నా దిక్కు గూడ మనసు మూసుకుంటది. నా మూలంగ.

ఆదివారం పొద్దుగాల నేను చీర కట్టుకొని నల్లద్దాలు పెట్టుకొని గడప కాడ నిలబడ్డ. "నాకు కండ్లు కనిపిస్తలేవే. నన్ను పట్టుకొని తీసుకపో" అన్న.

"మామయ్యను తీసుకపొమ్మనండ్రి."

"ఆయన ఆడోళ్ళ దిక్కు కూసుంటడా? లైనుల నేను ఎవరి కాలు తొక్కాలె?"

 మీ అమ్మ నిన్ను సంకల వేసుకొని, చెప్పులు తొడుక్కొని, నా మోచెయ్యి పట్టుకున్నది. గేటు కాడ ఉపదేశి భార్య నిలబడి ఉన్నది. నేను ఇంక జర గట్టిగ మీ అమ్మ మీదికి ఒరిగి, "మెల్లగ నడువు బిడ్డా, నువ్వు లేకుంటే నేను పడిపోత" అన్న, అందరికి ఇనపడేటట్టు. ఆమె ముఖం చూడాల్సింది. నల్లద్దాలల్ల కెల్లి గూడ కనపడ్డది.

సత్ప్రసాదం లైనుల ముగ్గురం పోయినం. మీ అమ్మకు ఒక చేతుల నువ్వు, ఒక చేతుల నేను. చేతులు కట్టుకోనీకి చేతులు ఏడున్నయి? ఆమెను చూసేటోళ్ళకు, ముసలి అత్తను తీసుకొచ్చిన కోడలే కనపడ్డది. ఫాదర్ నాకు సత్ప్రసాదం ఇచ్చిండు. నీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు, అది చూసిన. తర్వాత ఆ చెయ్యి మీ అమ్మ దిక్కు లేసింది. లేసి ఆగింది. ఆయన కండ్లతోని అడిగినట్టే ఉండె. మరి మీ అమ్మ ఏమన్నదో, తలకాయ ఊపిందో, అడ్డంగ ఊపిందో, ఆ చెయ్యి దిగిందో, ఎనకకు పోయిందో... నేను చూడలే! మీ అమ్మ నాకు కుడి దిక్కు ఉండె, ఆపరేషన్ కన్ను దిక్కు, ఆ అద్దం పక్కన ఇంత మందం ఉండె. తల తిప్పితే గుడ్డిదాని వేషం పోతది. నోట్ల సత్ప్రసాదం. ఏం చేయాలె?

తిరిగి వచ్చేటప్పుడు మోచెయ్యి మీద మీ అమ్మ చెయ్యి జర గట్టిగనే ఉండె. ఎందుకో తెల్వదు.

డాక్టరు పదిహేను దినాలు పెట్టుకోమంటే నేను ఆ అద్దాలు మూడు నెలలు పెట్టుకున్న. ప్రతి ఆదివారం "కనిపిస్తలేదే" అనుడు, మీ అమ్మ పట్టుకొని తీసుకపోవుడు. ఒకనాడు నేను వాకిట్ల కూసొని నీ గౌనుకు గుండీ కుడుతున్న. మీ అమ్మ వచ్చి నిలబడి చూసింది. "అత్తమ్మా, ఇంట్ల సూదిల దారం ఎక్కిస్తున్నరు. చర్చిల మాత్రం ఫాదర్ కనిపిస్తలేడా?"

"సూది దగ్గరుంటది గదనే" అన్న.

నవ్వింది. నెలల తర్వాత నవ్వింది. మళ్ళ ఆదివారం ఏం అడగకుంట వచ్చి మోచెయ్యి పట్టుకున్నది. అంటే ఆమెకు ఎరుకైంది గదా? ఎరుకై గూడ వచ్చింది గదా? మరి ఎందుకు వచ్చింది, నా కోసమా, తన కోసమా? అబద్ధం చెప్పి సత్ప్రసాదం తీసుకుంటి, అది పాపమేనా? పాపసంకీర్తనంల చెప్పుదామంటే ఫాదర్‌కు ముందే తెలుసు, ఆయన గూడ నల్లద్దాలు చూసి మూతి బిగబట్టేటోడు నవ్వు రాకుంట. ఆయనకు గూడ అందుల వాటా ఉంటదా? ఏమో. అది రాయకు. రాసినవా? సరే, ఉండనీయి.

ఆ ఫాదర్ బదిలీ అయ్యి ఎటో పోయిండు. తర్వాత ఇద్దరు వచ్చిన్రు. మీ అమ్మ ఇప్పటికి గూడ జ్ఞానస్నానం తీసుకోలే, ఒక్క ఆదివారం గూడ తప్పలే. నేనేమో అడుగుత, ఏడాదికి ఒకసారన్న అడుగుత: "ఆ దినం ఫాదర్ చెయ్యి పెట్టిండా, పెట్టలేదా చెప్పవే." "మీ కండ్లు కనిపించలేదు గదా అత్తమ్మా" అని పోతది. అదే జవాబు, ఇన్ని ఏండ్ల కెల్లి. నాకేమనిపిస్తదంటే, ఆ చెయ్యి తన నెత్తి మీదికి రాంగనే మీ అమ్మ నా మోచెయ్యి ఇడిసిపెట్టి ఉంటే నాకు తెలిసేది, ఇడవలే, అంటే తాను ఎనకకు జరగలే అన్నట్టు, జరగలేదంటే మరి ఆ చెయ్యి...

"అత్తమ్మా! రొట్టెలు చల్లారుతున్నయి, ఇద్దరు వచ్చి తినుండ్రి!"

ఆ వస్తున్ననమ్మా, ఒక్క మాట, జరగలేదంటే ఆ చెయ్యి కచ్చితంగ...